వేసవి సంగీత శిబిరంలో క్లారినెట్: అనంతపురం పిల్లలు, పెద్దలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ సగం దాటిందంటే ఫోన్లు మొదలవుతాయి. గాత్రం, కీబోర్డు పిల్లల ఇళ్ల నుంచి అడిగేది ఫీజు, టైము, అంతే. క్లారినెట్ పిల్లల ఇళ్ల నుంచి వచ్చే సందేహాలు అంత తేలిగ్గా తెగవు. శిబిరంలో ఆ గది చూసుకునేది నేనే కాబట్టి జవాబులూ నేనే రాస్తున్నాను. కొన్ని పెద్దవాళ్లు అడిగినవి, కొన్ని పిల్లలే అడిగినవి. ఎవరు ఎట్లా అడిగారో దాదాపు అట్లాగే పెట్టాను.

శిబిరం ఎప్పుడు? రోజుకు ఎన్ని గంటలు?

బడులకు వేసవి సెలవులిచ్చిన వారానికి మొదలుపెట్టి మే ఆఖరు దాకా నడుపుతాం. పొద్దున ఆరున్నరకు మొదలై పదిన్నరకల్లా వదిలేస్తాం. మళ్లీ సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా అన్ని వాయిద్యాలనూ కలిపి కూర్చోబెట్టే క్లాసు. మధ్యలో అంత ఖాళీ ఎందుకని బెంగళూరు నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు అడుగుతారు. అనంతపురం పిల్లలు అడగరు. మే నెలలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే, మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద కుక్క కూడా కనపడదు. ఆదివారం సెలవు.

మావాడికి ఎనిమిదేళ్లే. చేర్చుకుంటారా?

వయసు కంటే రెండు విషయాలు చూస్తాం. ఒకటి పళ్లు. పైన ముందరి రెండు పాలపళ్లు ఊడి, గట్టి పళ్లు పూర్తిగా దిగి ఉండాలి. క్లారినెట్ మౌత్‌పీసు, అంటే నోట్లో పెట్టుకుని ఊదే కొస, దాని మీద ఆనేవి ఆ పళ్లే. అవి కదులుతుంటే పిల్లవాడు భయపడి పెదాలతో బిగించి పట్టేస్తాడు, ఆ అలవాటు ఒక పట్టాన పోదు.

రెండోది వేళ్లు. వేణువుకు మల్లేనే దీనికీ కొన్ని రంధ్రాలను వేలి మెత్తతోనే మూయాలి. కుడిచేతి ఉంగరపు వేలు అన్నిటికంటే కింది రంధ్రాన్ని గాలి పోకుండా మూస్తోందా లేదా అని చేరే రోజే పట్టించి చూస్తాను. కాసేపు నొక్కి తీశాక వేలి మీద రంధ్రం అచ్చు గుండ్రంగా పూర్తిగా పడిందంటే చేరొచ్చు. ఒక పక్కే పడితే ఇంకో ఏడాది ఆగాలి. మామూలుగా తొమ్మిది, పదేళ్లకు ఇది కుదురుతుంది.

బరువు సంగతి కూడా ఉంది. మనం వాడే బి ఫ్లాట్ క్లారినెట్ ముప్పావు కిలో దాకా తూగుతుంది, దాన్ని మోసేది చాలావరకు కుడి బొటనవేలే. చిన్నపిల్లలకు మెడకు తగిలించుకునే పట్టీ ఇస్తాం. అయినా ఎనిమిదేళ్లవాడికి తొందరగా ఉంటే ఈ ఏడు గాత్రంలో కూర్చోబెట్టండి. సరళీ స్వరాలు నోటికి వచ్చిన పిల్లలు తర్వాత నా గదిలో అందరికంటే ముందుంటారు, ఏటా చూస్తున్నదే.

సొంత క్లారినెట్ లేదు. ఇప్పుడే కొనమంటారా?

వద్దు. శిబిరంలో కొన్ని ఉన్నాయి, అద్దెకిస్తాం. మౌత్‌పీసు మాత్రం ఎవరిది వారికే. ఒకరిది ఒకరు నోట్లో పెట్టుకోనివ్వం, అన్నాచెల్లెళ్లయినా సరే. నెల వాయించాక కూడా పిల్లవాడు అడుగుతుంటే అప్పుడు కొనండి.

కొనేటప్పుడు ప్లాస్టిక్‌దే కొనండి. "చెక్కదే కదా సార్ అసలైనది" అంటారు. నిజమే, పెద్ద విద్వాంసులు వాయించేవి ఆఫ్రికాలో దొరికే నల్లటి గట్టి కలపతో చేస్తారు, ఆ నాదం వేరు. కానీ గాలిలో తేమా వేడీ ఒక్కసారిగా మారితే ఆ కలప నిలువునా చీలుతుంది. రాష్ట్రంలో వానలు బాగా తక్కువ పడే జిల్లా మనది. ఏసీ గదిలోంచి ఎండలోకి, ఎండలోంచి కూలరు ముందుకు పరుగెత్తే పిల్లల చేతిలో చెక్క వాయిద్యం పెట్టడమంటే డబ్బు తగలేయడమే. యమహా లాంటి కంపెనీల విద్యార్థి మోడళ్లు ఏబీఎస్ ప్లాస్టిక్‌తో వస్తాయి, వాటికి ఈ బెడద లేదు.

ఊళ్లో బ్యాండు మాస్టరు పాతది ఇస్తానన్నాడంటే సంతోషమే, కానీ తీసుకునే ముందు నాకో ఫోటో పంపండి. పాత బ్యాండు వాయిద్యాల్లో ఆల్బర్ట్ పద్ధతివి కనిపిస్తుంటాయి. వాటికి కీలు, అంటే రంధ్రాలను మూసి తెరిచే మీటలు తక్కువ, వేళ్లు పెట్టే తీరు వేరు. మేం నేర్పేది బోమ్ పద్ధతి, దానికి మామూలుగా 17 కీలు, 6 రింగులు ఉంటాయి. మొదటి ఏడే రెండిటి మధ్య పిల్లలు నలిగిపోకూడదు.

మన దేశంలో బ్యాండు వాయిద్యాల తయారీకి పెట్టింది పేరు మీరట్. అక్కడి నుంచి వచ్చేవాటిలో బాగా పలికేవీ ఉన్నాయి, రెండు నెలలకే కీలు వదులయ్యేవీ ఉన్నాయి. తెలిసినవాళ్లు వాయించి చూడకుండా తీసుకోవద్దు. ఆన్‌లైన్‌లో కంపెనీ పేరు కూడా లేకుండా మరీ చవకగా కనపడేవాటి జోలికి అసలే పోవద్దు. కీ ఒకసారి వంగితే దాని కింద రంధ్రాన్ని మూసే మెత్త, అదే ప్యాడు, సరిగా కూర్చోదు, ప్యాడు కూర్చోకపోతే గాలి పోతుంది. పాపం పిల్లవాడు తప్పు తనదే అనుకుని మానేస్తాడు.

ఫీజు సంగతి?

ఫారం మీదే రాసి ఉంటుంది. వాయిద్యం అద్దె వేరు. రెండు విడతల్లో కట్టొచ్చు. బ్యాండు మేళం, సన్నాయి మేళం కుటుంబాల పిల్లలకు ఫీజు లేదు, అద్దె కూడా లేదు.

"ఆడపిల్లకు క్లారినెట్ ఏందమ్మా, పెళ్లి బ్యాండులో పోయి వాయిస్తుందా?" అని మా అత్తగారు అంటున్నారు. ఆమెకు ఏం చెప్పాలి?

ముందు ఆమెను ఒక సాయంత్రం క్లాసుకు తీసుకురండి. గదిలో దాదాపు సగం ఆడపిల్లలే.

పెళ్లి బ్యాండులో వాయించడం చిన్న పనేం కాదు. గుంతల రోడ్డు మీద నడుస్తూ, డ్రమ్ముల మోతను దాటి వినపడేలా గంటలకొద్దీ ఊదాలి. పెళ్లికొడుకు బావమరిది వచ్చి చెవిలో పాట పేరు చెప్పగానే కాగితం లేకుండా ఎత్తుకోవాలి, అది కూడా డ్యాన్సు ఆగకుండా. విదేశీ బోర్డుల గ్రేడ్ పరీక్షలు పాసైన పిల్లల్లో చాలామందికి ఈ పని చేతకాదు. అందుకే వారానికి రెండు రోజులు ఒక బ్యాండు మాస్టరును పిలిపించి, చెవితో పాట పట్టుకోవడం నేర్పిస్తాం. నిరుడు చేరిన పిల్లలు ఈ ఏడు మళ్లీ చేరుతున్నది నా క్లాసు కోసం కాదు, ఆయన క్లాసు కోసం.

పరువు సంగతే అయితే, ఇది కూడా చెప్పండి. క్లారినెట్ జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 1700 ప్రాంతంలో డెన్నర్ అనే వాయిద్యాల తయారీదారు చేతుల మీదుగా పుట్టింది. 19వ శతాబ్దంలో తంజావూరు వైపు నాట్యమేళాల్లో చేరింది. తర్వాత తిరుచ్చి ఏ.కె.సి. నటరాజన్ దాని మీద పూర్తి స్థాయి కర్ణాటక కచేరీలు చేశారు. "క్లారినెట్ ఎవరెస్ట్" అని పేరు పొందిన ఆయనకు 2008లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కచేరీ ఒకటి ఫోన్‌లో పెట్టి, వాయిద్యం పేరు చెప్పకుండా మీ అత్తగారికి వినిపించండి. సన్నాయి అనుకుంటారేమో చూడండి.

మాది బ్యాండు మేళం సార్. మే నెల ముహూర్తాలప్పుడు పిల్లోడు నాతో రావాల. శిబిరానికి ఎట్లా పంపేది?

ముహూర్తాల తేదీలు ముందే చెప్పండి, ఆ రోజులు సెలవు రాసుకుంటాం. రాత్రంతా ఊరేగింపులో తిరిగిన పిల్లవాడిని పొద్దున ఆరున్నరకు లేపి పంపొద్దు. పెదాలు వాచి ఉంటాయి, కళ్లు మూతలు పడుతుంటాయి. ఆ రోజు సాయంత్రం వస్తే చాలు. మౌఢ్యం పడిన ఏడు ఈ తిప్పలే ఉండవు, మేళం పిల్లలంతా మొదటి రోజు నుంచే గదిలో ఉంటారు.

నొటేషన్ రాదని వెనకాడొద్దు. మీవాడికి పాట రెండుసార్లు వింటే వేళ్లలోకి దిగిపోతుంది. వాడి పక్కన కూర్చునే కాన్వెంటు పిల్లవాడికి కాగితం లేకపోతే వేలు కదలదు. నేను కావాలనే ఇద్దరినీ ఒకే స్టాండు ముందు కూర్చోబెడతాను. మొదటి వారం ఇద్దరికీ చిరాకే. "వీడు చూడకుండా ముందే వాయించేస్తాడు" అని ఒకడు, "వీడు ఎక్కడ ఆగుతాడో వాడికే తెలీదు" అని ఇంకొకడు. రెండో వారానికి మేళం పిల్లవాడు కాగితం మీద వేలు పెట్టి "ఇక్కడ రెండు మాత్రలు ఆగాల" అని చూపిస్తుంటాడు, కాన్వెంటు పిల్లవాడు కాగితం తిరగేసి వింటుంటాడు. నన్నడిగితే శిబిరం పెట్టడమే ఇందుకు. మిగతావి చాలావరకు ఇంట్లో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు.

ఒక్క మాట. బయట వాయించే పిల్లలకు బలంగా ఊదడం అలవాటు. ఇక్కడ మెల్లగా, ఒకే స్వరాన్ని ఊపిరి అయిపోయేదాకా సన్నగా నిలపమంటే మొదట నామోషీగా ఉంటుంది. ఇంటి దగ్గర మీరూ అదే చెప్పండి.

నేర్పేది సరిగమలా, స్టాఫ్ నొటేషనా (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య పద్ధతి)?

రెండూ. కాకపోతే మొదటి మూడు రోజులు రెండూ ఉండవు. ముందు ఒట్టి మౌత్‌పీసు, దాని కింద తగిలించే చిన్న ముక్క బ్యారెల్ పట్టుకుని ఊపిరి. తర్వాత ఎడమచేతి మూడు వేళ్లతో వచ్చే స్వరాలు, అవీ ఒక్కోటి ఎంతసేపు నిలిస్తే అంతసేపు.

ఆ తర్వాత సరళీ స్వరాలు. "మాయామాళవగౌళతోనే మొదలుపెట్టాలి కదా" అని గాత్రం గురువులు నన్ను మందలిస్తుంటారు. గాత్రానికి అది సరే. క్లారినెట్‌లో ఆ రాగం కోమల స్వరాలకు పక్క కీలు, చిటికెన వేలి కీలు వెతుక్కోవాలి. పదేళ్ల పిల్లల వేళ్లు అప్పటికే రంధ్రాలు మూయడానికే అవస్థ పడుతుంటాయి. అందుకని శంకరాభరణ స్వరాలతో మొదలుపెట్టి, రెండో వారంలో మాయామాళవగౌళకు వస్తాం.

ఇంకో చిక్కు ఉంది. సి స్వరాన్ని సా అనుకుంటే పా దగ్గర రంధ్రాలన్నీ తెరిచి ఉంటాయి, వాయిద్యాన్ని బొటనవేలి మీద ఊరికే మోయడమే. దా దగ్గర ఒక్క వేలు. ఆ వెంటనే నీ దగ్గరికి వచ్చేసరికి అన్ని రంధ్రాలూ మూసి, వెనకాల స్వరాన్ని పై స్థాయికి ఎత్తే రిజిస్టర్ కీ కూడా నొక్కాలి. దా నుంచి నీకి దాటడమంటే ఒక్క వేలి నుంచి దాదాపు అన్ని వేళ్లూ ఒకే క్షణంలో పడాలి. క్లారినెట్ నేర్చుకునే ప్రతివాళ్లూ, మొజార్టు ఊళ్లోవాళ్లయినా సరే, ఇక్కడ కొన్ని నెలలు తన్నుకులాడాల్సిందే. అందుకని కొత్త పిల్లలకు కింది జి స్వరాన్ని సా చేస్తాను. అక్కడి నుంచి పై సా దాకా ఈ గండం తగలదు. వినడానికి అది నాలుగు శ్రుతి (కీబోర్డు మీద ఎఫ్) అవుతుంది.

స్టాఫ్ నొటేషన్ చదవడం రోజుకు అరగంట. అది వస్తే బడి బ్యాండులోనైనా, పోలీసు, సైనిక బ్యాండుల్లోనైనా కూర్చోగలరు.

కీబోర్డు మీద సా, నా క్లారినెట్ సా ఎందుకు కలవట్లేదు? ఇద్దరం సి అనే నొక్కుతున్నాం.

నీది బి ఫ్లాట్ క్లారినెట్ కాబట్టి. నువ్వు సి వేళ్లు పెడితే వినపడేది బి ఫ్లాట్, అంటే మన లెక్కలో ఆరున్నర శ్రుతి. కీబోర్డు అన్న సి నొక్కితే నువ్వు డి వేళ్లు పెట్టాలి. గాత్రం పిల్లలు రెండు శ్రుతిలో, అంటే డిలో పాడుతుంటే నీ సాకు ఇ (E) స్వరం వేళ్లు పెట్టాలి. సాయంత్రం క్లాసులో ఎవరికి ఎక్కడ సా వస్తుందో గోడ మీద పట్టిక అంటించి ఉంటుంది, మొదటి వారం దాన్ని చూసుకో. తర్వాత చూడాల్సిన పని ఉండదు.

మా అక్క వేణువు గట్టిగా ఊదితే పై సా వస్తుంది. నాకు రిజిస్టర్ కీ నొక్కితే పా వస్తోంది. నా క్లారినెట్ చెడిపోయిందా సార్?

ఏం చెడిపోలేదు. నువ్వు గమనించావే, అదే సంతోషం. వేణువు రెండు చివరలా తెరిచిన గొట్టంలా పనిచేస్తుంది, ఊపు పెంచితే స్వరం ఒక స్థాయి పైకి, అంటే సా నుంచి పై సాకు దూకుతుంది. క్లారినెట్ లోపల గొట్టం చాలావరకు ఒకే వెడల్పు, రీడు (మౌత్‌పీసుకు బిగించే, ఊదితే అదిరే పల్చటి ముక్క) ఉన్న చివర మూసినట్టు లెక్క. అలాంటి గొట్టం ఆ మెట్టు మీద ఆగదు, ఇంకా పైకి దూకి పై స్థాయి పంచమం పలుకుతుంది. అందుకే కింది స్థాయి వేళ్లు, పై స్థాయి వేళ్లు క్లారినెట్‌లో వేరువేరుగా నేర్చుకోవాలి. సన్నాయి, శాక్సోఫోను లోపల శంకువులా వెడల్పు అవుతూ పోతాయి కాబట్టి అవి వేణువు లాగే పై సాకే పోతాయి.

కీచుమంటోంది. ఏం చేయాలి?

అందరికీ కీచుమంటుంది, ఎవరూ నవ్వకూడదనేది మా గదిలో మొదటి నియమం. కారణాలు ఈ వరసలో వెతకండి. ముందు వేళ్లు: ఏదో ఒక రంధ్రం దగ్గర సన్నగా గాలి పోతుంటుంది, ఎక్కువసార్లు అది ఉంగరపు వేలే. రెండు, రీడు అంచు విరిగిందేమో వెలుతురుకు పెట్టి చూడండి. మూడు, రీడు పక్కకు జరిగిందేమో. రీడు కొస మౌత్‌పీసు కొసతో సమానంగా ఉండాలి, ఎదురుగా చూస్తే పైన వెంట్రుకవాసి నల్లగీత కనపడితే సరిపోయినట్టు. ఇవేవీ కాకపోతే కింది పెదవితో కొరుకుతున్నట్టే. కింది పెదవి పళ్ల మీదికి పల్చగా మడవాలి, దవడ బిగించకూడదు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఒక విన్నపం: కీచుమన్నప్పుడల్లా వంటింట్లోంచి "అబ్బా" అనకండి. పిల్లలు ఆ మాటకు ఊపిరి తగ్గించేస్తారు, అప్పుడు ఇంకా కీచుమంటుంది.

రీడ్లు ఎన్ని కొనాలి? ఏ నంబరు?

నంబరు పెరిగేకొద్దీ గట్టిదనం. కొత్త పిల్లలకు ఒకటిన్నర, ఏడాది వాయించినవాళ్లకు రెండు లేదా రెండున్నర. "పెద్ద నంబరు వాయిస్తే పెద్ద విద్వాంసుడు" అనే పోటీ పిల్లల మధ్య ప్రతి ఏడూ మొదలవుతుంది, నేను ప్రతి ఏడూ ఆపుతాను. పెట్టె కొంటే సాధారణంగా పది ఉంటాయి. అనంతపురంలో దొరకడం కష్టం, బెంగళూరు వెళ్లేవాళ్లుంటే చెప్పండి, లేదా ఆన్‌లైన్‌లో వారం ముందే తెప్పించుకోండి.

నాలుగు రీడ్లు తీసి అంకెలు వేసి, రోజుకొకటి చొప్పున తిప్పుతూ వాడండి. ఒక్కదాన్నే అరగదీస్తే అది పోయిన రోజు కొత్తది నోటికి నచ్చదు. రీడు రెల్లుజాతి కాడతో చేసింది, తడి ఆరితే వంకరపోతుంది. మన పొడిగాలికి ఇది మరీ తొందరగా జరుగుతుంది: పొద్దున కేసు తెరిచేసరికి కొస అలలు అలలుగా ఉంటుంది. నోట్లో రెండు నిమిషాలు నానబెట్టి, మౌత్‌పీసు బల్లపరుపు భాగం మీద పెట్టి బొటనవేలితో అదిమితే చాలావరకు సర్దుకుంటుంది. వాయించడం అయ్యాక రీడు విప్పి, తుడిచి, దాని కేసులో పడుకోబెట్టాలి. మౌత్‌పీసుకే వదిలేస్తే బూజు పట్టి వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిన మౌత్‌పీసును వేడినీళ్లలో మరగబెట్టిన అమ్మమ్మలు కూడా ఉన్నారు! ఎబొనైట్ (గట్టి రబ్బరు) మౌత్‌పీసు వేడినీళ్లకు రంగు మారి ఆకారం చెడుతుంది. గోరువెచ్చన కంటే తక్కువ వేడి ఉన్న నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ. అంతే.

ఎండకు వాయిద్యానికి ఏమన్నా అవుతుందా?

బండి డిక్కీలో, కారు సీటు మీద, కిటికీ పక్కన ఎండ పడేచోట పెట్టొద్దు. ప్లాస్టిక్‌కు ఏమీ కాకపోయినా ప్యాడ్లు, కార్కులు పట్టి ఉంచే జిగురు కరుగుతుంది.

శ్రుతి కూడా మారుతుంది. గాలి వేడెక్కేకొద్దీ ఊదే వాయిద్యాల శ్రుతి పైకి పోతుంది. హార్మోనియం, కీబోర్డు మన కోసం కదలవు. అందుకే పొద్దున కలిపిన శ్రుతి పదింటికి కలవదు, బ్యారెల్‌ను ఒక మిల్లీమీటరో రెండో పైకి లాగాలి. ఎంత లాగాలో కంటితో కాదు, శ్రుతి పెట్టె పెట్టుకుని చెవితో చూసుకోవాలి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ వాడొచ్చు, కానీ నా గదిలో అది మూడో వారం నుంచి బంద్.

రోజూ ఏం తెచ్చుకోవాలి?

వాయిద్యం, రీడ్లు, లోపల తుడిచే తాడుగుడ్డ, కార్కు గ్రీజు, పెన్సిలు, నీళ్ల బాటిల్. కార్కుకు గ్రీజు బదులు కొబ్బరినూనె, వ్యాజిలిన్ రాయకండి. పై ముక్కను కింది ముక్కకు బిగించేటప్పుడు పై ముక్క రింగులు నొక్కి పట్టి తిప్పాలి, లేకపోతే మధ్యలో ఉన్న వంతెన కీ వంగుతుంది. శిబిరంలో జరిగే రిపేర్లలో ఎక్కువ భాగం ఇదే.

టిఫిన్ మేమే పెడతాం. శనివారం ఉగ్గాని, బజ్జీ. ఆ రోజు నోరు పుక్కిలించకుండా క్లారినెట్ ముట్టుకోనివ్వం. నానిన బొరుగు ఒకటి రీడు కింద ఇరుక్కుంటే స్వరం ఎక్కడ ఆగిపోయిందో అర్థంకాక అరగంట పోతుంది. బుడ్డల చిక్కీ తిన్న చేతులైతే ఇంకా కష్టం, ప్యాడు జిగటపట్టి కీ తెరుచుకోదు.

ఊదితే బుగ్గలు పెద్దవవుతాయా? పళ్లు ఎత్తు అవుతాయా? పాపకు ఆయాసం ఉంది, చేర్చొచ్చా?

బుగ్గలు ఉబ్బించి ఊదడం క్లారినెట్‌లో తప్పు, ఉబ్బనివ్వం. పళ్లు ఇప్పటికే ఎత్తుగా ఉంటే, క్లిప్పులు వేసి ఉంటే ఒకసారి డెంటిస్టును అడిగి రండి. క్లిప్పులున్నా వాయించే పిల్లలున్నారు, మొదట కొన్ని రోజులు పెదవి నొప్పి పెడుతుంది. ఆయాసం ఉంటే డాక్టరు సరేనన్నాకే చేర్చండి. మందులు ఆపకండి, ఇన్‌హేలర్ సంచిలోనే ఉండాలి, ఆ సంగతి నాకు ముందే చెప్పాలి. కొత్తలో తల తిరిగినట్టు అనిపిస్తే అది జబ్బు కాదు, ఆత్రంగా ఎక్కువ గాలి పీల్చి వదలడం. కూర్చుని మామూలుగా ఊపిరి తీసుకుంటే పోతుంది.

మేం తాడిపత్రిలో ఉంటాం. హాస్టల్ ఉందా?

లేదు. తాడిపత్రి, ధర్మవరం, కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే పిల్లలు చాలామంది ఆ నెల పిన్ని ఇంట్లోనో మేనమామ ఇంట్లోనో ఉంటారు. రోజూ పొద్దున ఆరున్నరకు బస్సులో చేరాలంటే పిల్లలు అలిసిపోతారు. ఆ చుట్టాల ఇళ్లలో తెల్లవారుజామున క్లారినెట్ సాధన చేయొద్దని మాత్రం చెప్పి పంపండి, పక్కింటివాళ్ల నుంచి ఫిర్యాదులు మాకు వస్తున్నాయి.

క్లాసులో మేం కూర్చోవచ్చా? సినిమా పాట ఎప్పుడు వాయిస్తారు?

కూర్చోవద్దు. పిల్లవాడు తప్పు వాయించి మిమ్మల్ని చూస్తాడు, కాగితాన్ని కాదు. శుక్రవారం సాయంత్రం తలుపులు తెరిచి ఉంటాయి, వచ్చి వినండి.

సినిమా పాట మూడో వారంలో, అది కూడా బ్యాండు మాస్టరు క్లాసులో. యూట్యూబులో వేళ్ల గుర్తులు చూసి ముందే నేర్చుకొచ్చిన పాటలు వద్దు.

చివరి రోజు ప్రోగ్రాంలో మా పాపకు సోలో ఇస్తారా?

మొదటి ఏడు ఎవరికీ సోలో లేదు. అందరూ కలిసి వాయించేవే. ఎక్కువగా నొట్టుస్వరాలు ఎంచుకుంటాం. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ల బాణీలు విని సంస్కృతంలో సాహిత్యం కూర్చినవి. శంకరాభరణ స్వరాలు, గమకాలు ఉండవు, తాళం సూటిగా ఉంటుంది. క్లారినెట్, వయొలిన్, కీబోర్డు, గాత్రం అన్నీ ఒకేచోట కూర్చోడానికి ఇంతకంటే కుదిరినవి నాకు కనపడలేదు. బ్యాండు బాణీలు కృతులైన చోటు కాబట్టి మేళం పిల్లలకూ అవి తొందరగా పడతాయి. ఆఖరున ఒక సినిమా పాట ఉంటుంది, దాన్ని పిల్లలే ఓటేసి ఎంచుకుంటారు.

కొత్త బట్టలు కుట్టించొద్దు. సన్మానాలు లేవు. అతిథి ప్రసంగం పది నిమిషాలు దాటితే శాలువా కప్పేస్తాం.

శిబిరం అయ్యాక ఎవరి దగ్గర నేర్చుకోవాలి? పరీక్షలు రాయించాలా?

ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం బోర్డులు క్లారినెట్‌కు గ్రేడ్ పరీక్షలు పెడతాయి, ఒకటి నుంచి ఎనిమిది దాకా, ఇంటి నుంచే రికార్డు చేసి పంపే పద్ధతి కూడా ఉంది. రాయిస్తే మంచిదే, చదవడం పట్టుబడుతుంది. కానీ పిల్లవాడు ఏడాదంతా మూడు పాటలే అరగదీస్తుంటే ఆపేయండి. ఆన్‌లైన్ పాఠాలతో పాటు మీ వీధికి దగ్గర్లో ఉన్న మేళం మాస్టరు దగ్గర వారానికి ఒక గంట కూర్చోబెట్టండి. కీబోర్డు టీచరుకు ఎంత ఇస్తారో ఆయనకూ అంతే ఇవ్వండి, బేరం చేయకండి.

కీ వంగినా, ప్యాడు ఊడినా ఎక్కడ బాగుచేయించాలి?

ఫెవిక్విక్ ముట్టుకోవద్దు, అంటించిన ప్యాడు మళ్లీ రాదు. గాలి ఎక్కడ పోతుందో చూడాలంటే పల్చటి కాగితం ముక్క ప్యాడు కింద పెట్టి, కీ మూసి మెల్లగా లాగండి. ఒక పక్క పట్టుకుని ఇంకో పక్క జారిందంటే ప్యాడు వంకరగా కూర్చుంది. చిన్న రిపేర్లు చేతనైన బ్యాండు మాస్టర్లు ఊళ్లోనే ఉన్నారు, శిబిరానికి వచ్చే మాస్టరును అడిగితే పంపిస్తారు. ప్యాడ్లన్నీ మార్చాల్సి వస్తే బెంగళూరే దిక్కు. ఆషాఢంలో వెళ్లండి, అప్పుడు మాస్టర్లకు తీరిక. మే నెలలో ఫోన్ చేస్తే ఎత్తరు.